కొలబద్ద మీద మూడడుగులు

“పిట్టలు దిగాలంటే మడుగులో నీళ్లు మూడడుగులు ఉండాల్సిందే,” అన్నాడు ఆఫీసరు.

“ఉల్లంకి పిట్టల కాళ్లు బెత్తెడు కూడా ఉండవు సార్. మూడడుగుల్లో అవి మేస్తాయా, మునుగుతాయా?” అంది తూము తలుపులు తిప్పే ఆవిడ.

“నాకు పాఠాలు చెప్పకు. కొలబద్ద మీద మూడు కనబడకపోతే నీ ఉద్యోగం ఊడుతుంది.”

నెల తిరిగేసరికి మడుగు నిండా పిట్టలే. కొలబద్ద సరిగ్గా మూడు చూపిస్తోంది. గట్టు మీద ఆఫీసరు మీసం మెలేశాడు.

“చూశావా? మూడడుగుల్లోనే మేస్తున్నాయని పైకి రిపోర్టు కూడా పంపేశాను. ఇప్పుడేమంటావ్?”

ఆవిడ చెప్పులు విడిచి మడుగులోకి నడిచింది. నడిమధ్యకి వెళ్లినా పాదాలు పూర్తిగా మునగలేదు.

“గొయ్యి తవ్వి కొలబద్దని అందులో పాతాను సార్,” అంది వెనక్కి తిరిగి. “నా ఉద్యోగం పీకేయండి. ఎందుకు పీకారో మాత్రం పైవాళ్లకి నిజమే రాయండి.”