గిన్నెల పందెం

"నాన్నా, ఇందాకటి పచ్చ గుడారం కనిపించట్లేదు," అంది కూతురు, కిందికి చూస్తూ.

తండ్రి ఆగాడు. గుడారమే కాదు, దాని పక్కనుంచి తాము ఎక్కి వచ్చిన బాట కూడా లేదు. తెల్లటి మబ్బు కొండవాలు వెంట పైకి పాకుతోంది. గాలి ఉన్నట్టుండి చల్లబడింది.

వాళ్లింట్లో ఒక పందెం ఉంది. కొండెక్కేటప్పుడు ముందుగా "వెనక్కి పోదాం" అన్నవాళ్లు వారం రోజులు గిన్నెలు తోమాలి. ఆ పందెం పెట్టింది ఆయనే. ఇంతవరకూ ఓడిపోనిదీ ఆయన ఒక్కడే.

"సరే, ఈసారి నేనే ఓడిపోయాను. దిగుదాం పదండి," అన్నాడు నవ్వబోతూ.

భార్య నవ్వలేదు. "హమ్మయ్య, ఇప్పటికైనా అన్నారు. గంట నుంచీ ఆ మబ్బునే చూస్తున్నా."

"మరి చెప్పవేం?"

"చెబితే ఇంటికెళ్లేదాకా వెక్కిరిస్తారుగా!"

దగ్గర్లోనే ఉరిమింది. ఆయన కూతురి వైపు తిరిగాడు. "నువ్వెప్పుడు చూశావురా?"

"గుడారం దగ్గరే. అమ్మకంటే ముందే చూశా."

"చూసి కూడా..."

"నేను పిరికిదాన్ని కాదుగా నాన్నా," అంది పాప గర్వంగా.

ఆయన గబుక్కున పాప చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చేతిలోనే ఉంది. ముఖం మాత్రం అప్పటికే మబ్బులో కలిసిపోయింది.