తెల్లచొక్కా

డిసెంబరు 9. పైలట్ల ఎంపిక ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే ఉలిక్కిపడ్డాను.

"పైలట్ చేతికి తుపాకి ఇవ్వొచ్చా, రోజారమణీ?" అన్నారు కెప్టెన్.

"వద్దు సార్. భయంలో ఎదురుగా ఎవరున్నారో కనిపించదు."

"బాగా ఆలోచించావు," అంటూ రాసుకున్నారు.

బయటికొచ్చి అల్లూరులోని నాన్నకు ఫోన్ చేశాను.

"అయితే విమానం నీదేమ్మే!" అని నవ్వి గొంతు తగ్గించాడు. "నా కన్ను ఎట్టా పోయిందో మాత్రం చెప్పబాక. ముల్లు గుచ్చుకుందని ఊరంతా నమ్మినారు గదా."

ఆరేళ్ల కిందట మా రొయ్యల గుంట దగ్గర, మంచులో కదిలిన తెలుపును కొంగ అనుకొని ఎయిర్‌గన్ పేల్చాను. అది నాన్న చొక్కా.

ఇవాళ కెప్టెన్ తెల్ల యూనిఫాంలో లేచి నిలబడగానే, బల్ల కింద నా చూపుడువేలు దానంతటదే ముడుచుకుంది.

రేపు ఉదయం తొమ్మిదికి మానసిక పరీక్ష. డాక్టరుగారు అడక్కముందే ఆ వేలి సంగతి చెప్పేస్తాను.