రెండో వంపు

“ఈసారి కూడా నారింజ ముక్కలు నువ్వే కోసిపెడుదువు గానీలే,” అన్నాడు రెజాన్, మంచు మీద వెల్లకిలా పడి ఉన్న పెళ్లాం చుట్టూ స్కేట్ల మీద ఒక చక్కరు కొట్టి.

గిస్లెన్ లేవలేదు. పైకప్పు వంక చూస్తూ, “ఇంకా ఏమీ తేలలేదు,” అంది.

టీములో ఒక్క చోటే మిగిలింది. దానికి పోటీ మొగుడూ పెళ్లాలే. ఏటా మార్చిలో పక్క ఊళ్లో జరిగే నలభై దాటినవాళ్ల ఐస్ హాకీ పోటీల్లో రెండేళ్లుగా ఆడుతున్నది రెజాన్. ఆ రెండేళ్లూ గిస్లెన్ బెంచీ వెనక నిలబడి అందరికీ నారింజ ముక్కలూ మంచినీళ్ల సీసాలూ అందించింది. బాగా అందిస్తుందని పేరు కూడా వచ్చింది. ఆవిడకి కావలసింది ఆ పేరు కాదు.

తగవు తీర్చింది కెప్టెన్ బెర్నిస్. “మూడు వారాలు టైమిస్తున్నా. ఆ శనివారం ఇద్దరూ ఈ గోలు దగ్గర బయల్దేరి ఆ గోలు చుట్టూ తిరిగి రండి. ముందొచ్చినవాళ్లు ఆడతారు. ఓడినవాళ్లు నా దగ్గరికొచ్చి ఏడవకండి.”

“దీనికి మూడు వారాలెందుకు? ఇప్పుడే కానిద్దాం,” అన్నాడు రెజాన్.

“నా బ్లేడ్లు బాలేవు,” అంది గిస్లెన్, లేచి మంచు దులుపుకుంటూ.

“అవునవును. నిరుడు హెల్మెట్ బాలేదు. అంతకు ముందేడు మంచే బాలేదు.”

మర్నాడు పొద్దున్నే గిస్లెన్ స్కేట్లు చంకన పెట్టుకుని టోయివో కొట్టుకెళ్లింది. టిమ్మిన్స్ ఊళ్లో సగం మంది స్కేట్లకి పదును పెట్టేది డెబ్బై ఏళ్ల ఆ ముసలాయనే.

ఆయన బ్లేడుని కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. “పదునుకేం లోటు లేదమ్మాయ్. అసలు సంగతంతా అడుగునుండే వంపులో ఉంటుంది. ఊగే కుర్చీ కాళ్లు చూశావుగా, అలాంటిదే. వంపు మారిస్తే నడకే మారిపోతుంది. నీకేది పడుతుందో తొడుక్కుని చూసుకోవలసిందే.”

“ఎన్ని రకాలుంటే అన్నీ చూస్తా బాబాయ్.”

మొదట దాదాపు వంపే లేకుండా చదునుగా చేసిచ్చాడు. తిన్నగా వెళ్తున్నంతసేపూ గిస్లెన్ రైల్లా దూసుకుపోయింది. తిరగాల్సిన చోట కూడా రైల్లాగే దూసుకుపోయి గోడకి కొట్టుకుంది. ఇంటికొచ్చి సరుకుల చీటీలు రాసుకునే పుస్తకంలో రాసింది: ‘ఇరవై మూడు సెకన్లు. గోడ గట్టిదే.’

రెండోసారి బాగా గుండ్రంగా, బరువు మడమల మీద పడేట్టు చేశాడు. గోలు దగ్గర తిరగబోయేసరికి పాదాలు ముందుకీ, మనిషి వెనక్కీ. అలా నాలుగుసార్లయింది. పక్కన చేతులు పట్టుకుని తిరుగుతున్న ముసలి దంపతులు ఆగి, ఇంట్లో ఎవరికైనా ఫోన్ చెయ్యమంటావా అని అడిగారు. ‘సెకన్ల లెక్క లేదు. చివరిదాకా వెళ్తే కదా,’ అని రాసుకుని, ఆ రోజు ఉల్లిపాయలు దిండు మీద కూర్చుని తరిగింది.

“బ్లేడులో ఏముంటుందే? ఉన్నదంతా కాళ్లలో,” అన్నాడు రెజాన్ సూప్ జుర్రుకుంటూ. “పదేళ్లుగా నాది ఒకటే బ్లేడు. దాని వంపు ఏ రకమో కూడా నాకు తెలీదు.”

“చదును,” అంది గిస్లెన్ అయిసు సంచీ నడుం కింద సర్దుకుంటూ.

మూడోసారి కొద్దిగా ముందుకు వాలేట్టు చేశాడు టోయివో. అది కాలికి కుదిరింది. బయల్దేరడం తేలికైంది, మలుపు చేతికొచ్చింది. ఇరవై ఒకటి. రోజూ పొద్దున ఆరింటికల్లా, తలుపులు తీసే మనిషి కన్నా ముందొచ్చి నిలబడేది. వారం తిరిగేసరికి ఇరవై.

బుధవారం బెంచీ మీద కూర్చుని మొగుడి వేగం కొలిచింది. పంతొమ్మిది. గడియారం తప్పేమోనని మళ్లీ కొలిచింది. పంతొమ్మిదే. అతను మధ్యలో ఎవరితోనో జోకు కూడా వేశాడు.

గురువారం ఇరవై. శుక్రవారం పొద్దున పదకొండుసార్లు తిరిగింది. పదకొండుసార్లూ ఇరవయ్యే. స్కేట్లు విప్పి సంచీలో పడేసుకుని తిన్నగా టోయివో కొట్టుకెళ్లింది.

“రేపేగా పందెం?” అన్నాడాయన. “మూడోది నీకు పడింది. దాన్ని కదపకు.”

“రెండో వంపు పెట్టండి బాబాయ్.”

ముసలాయన యంత్రం ఆపి కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. “ఏది, నాలుగుసార్లు పడేసిందే, అదా?”

“అయిదు. ఒకటి మీకు చెప్పలేదు.”

“అలవాటు లేకుండా దాని మీద ఎక్కితే మొదటి మలుపులోనే నడుం నేలకి తగులుతుంది. ఎంత మొనగాడైనా సరే.”

“నాకూ అదే అనిపించింది.”

“అనిపించాక కూడా అదే కావాలంటావా?”

“మూడు వారాలు అన్నీ చూశాను. నెగ్గాలంటే అదొక్కటే దారి.”

ముసలాయన కళ్లద్దాలు మళ్లీ కిందికి దించుకున్నాడు. ఇంక చెప్పినా వినేట్టు లేదనుకుని, “నీ ఖర్మ,” అని సంచీలో పైనున్న స్కేట్లు అందుకోబోయాడు.

“అవి కాదు,” అంది గిస్లెన్. అడుగునుంచి పదకొండో నంబరు జత తీసి బల్ల మీద పెట్టింది. “ఇవి. మా ఆయనవి. ఎలాగూ వెళ్తున్నావుగా, నావీ కాస్త పదును పెట్టించుకురా అన్నాడు.”