ముందు ఫొటో

“లేవండమ్మా, తవ్వాలి,” అన్నాడు నగరపాలక సంస్థ ఇంజినీరు.

వీధి మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్న దర్జీ పిన్ని కదలలేదు. మొన్నటిదాకా ఆ కుర్చీ ఉన్నచోట గొయ్యి ఉండేది. ఏనుగు పడితే తొండం కొస మాత్రమే పైకి కనబడేదని వీధివాళ్ళ మాట. మూడేళ్ళు అర్జీలు పెట్టి విసిగి, ఇటుకముక్కలు మోసుకొచ్చి ఆవిడే పూడ్చుకుంది.

“పూడ్చిన గొయ్యి తవ్వడమెందుకు బాబూ?”

“పూడ్చడానికే. వీధుల బాగుకు కొత్త పథకం. గొయ్యి ఉన్నప్పటి ముందు ఫొటో, పూడ్చిన తర్వాత ఫొటో రెండూ పంపాలి. మా దగ్గర ముందు ఫొటో లేదు.”

“కట్టు కట్టడానికి కాలు విరగ్గొట్టినట్టుంది. మరి మళ్ళీ పూడ్చేదెప్పుడు?”

“అది వేరే విభాగం. రెండు నెలల్లో వస్తారు.”

గునపం పట్టుకున్న కూలీ నవ్వు ఆపుకున్నాడు. పదేళ్ళుగా చెప్పినచోటల్లా తవ్వాడు గాని, ఎందుకని ఏనాడూ అడగలేదు.

“రేపు మా ఆయన్ని చక్రాల కుర్చీలో ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఉన్నది ఇదొక్కటే దారి.” పిన్ని సెల్‌ఫోన్ తీసి చూపించింది. తొడదాకా పిండికట్టుతో మంచం మీద ముసలాయన. “ముందు ఫొటో కావాలన్నారుగా, ఇదిగో. ఈ గోతిలో పడ్డరోజు తీసింది.”

ఇంజినీరు కళ్ళజోడు సవరించుకుని, ఫోను దగ్గరికి జరుపుకుని శ్రద్ధగా చూశాడు.

“ఇందులో గొయ్యి కనబడటం లేదమ్మా,” అన్నాడు. “నువ్వు కానివ్వరా.”

కూలీ ఆ ఫోను అందుకుని చూసి, పిన్నికి తిరిగిచ్చాడు.

“నాకు కనబడుతోంది సార్,” అని గునపం ఆయన చేతిలో పెట్టాడు.