కొంగ దిగే చెరువు

సాయంత్రం ఆరయ్యేసరికి చెరువులో చేపలన్నీ చచ్చి వెల్లకిలా తేలాయి. వారంలో ఇది నాలుగోసారి.

తెర మీద నల్లబడ్డ నీళ్లను చూస్తూ ఆమె కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. బడిపిల్లలు ఆడుతూ ఆడుతూ నీటి విలువ తెలుసుకోవాలని ఆరేళ్లు ఒళ్లు అరగదీసుకుని తయారుచేసిన కంప్యూటర్ ఆట అది. ఆడేవాళ్లందరికీ కలిపి ఒక్కటే చెరువు. గట్టు మీద రంగుల ఫ్యాక్టరీ, దాని మురుగుకో తూము. ఆ తూము ఎవరైనా ఎత్తొచ్చు. ఎత్తితే ఏమవుతుందో కళ్లారా చూడాలి, చేతులారా బాగుచేసుకోవాలి. పాఠమంతా అదే.

శుక్రవారం విద్యాశాఖ అధికారిణి వస్తోంది. పరీక్షగా ఆడి చూడమని ఆవిడకు ఆట పంపి పదిరోజులైంది. బడుల్లో ఈ ఆట ఉండాలో వద్దో ఆవిడ సంతకంతో తేలిపోతుంది. వద్దంటే ఈ గది ఖాళీ చేసుకోవడమే.

ఇప్పటికే సగం ఖాళీ. మూడు కుర్చీల్లో రెండింటి మీద వైర్లు, అట్టపెట్టెలు కూర్చున్నాయి. సంగీతం చేసే అమ్మాయి ముందే మానేసింది. బొమ్మలు గీసే మిత్రుడు పోయిన నెలే పెద్ద కంపెనీకి వెళ్లిపోయాడు, అదీ తూము గురించి గొడవపడి. అనుమానం అతని మీదికే పోయింది. ఫోన్ చేసింది.

"నాకేం పని తల్లీ? ఇక్కడ తల గోక్కోవడానికే తీరిక లేదు," అన్నాడతను. "ఎవరెత్తారో రికార్డు చూసుకో."

"పిల్లలు ఏం చేశారో ఎక్కడా రాసిపెట్టుకోబోమని బడులకు మాటిచ్చాం కదా."

"మాటిచ్చింది నువ్వు. పోనీ తూముకు తాళం వెయ్యి."

"తాళం వేస్తే ఇక పాఠం ఏం మిగులుతుంది?"

"ముందు ఆట మిగలనీ."

అతను ఫోన్ పెట్టేశాక గది మరీ పెద్దదైనట్టనిపించింది.

చెరువు చచ్చిన ప్రతిసారీ ఆమే కొంగ వేషంలో ఆటలోకి దిగి, అక్కడున్నవాళ్లతో కలిసి బాగుచేయడం మొదటినుంచీ అలవాటు. ఈ వారం అంతా ఒడ్డున కనబడింది ఒకే ఒక్క తాబేలు వేషం.

"మళ్లీ వచ్చావా బంగారం? హోంవర్క్ అయిపోయిందా?" అని టైపు చేసింది.

"నాకెవరూ హోంవర్క్ ఇవ్వరు."

"ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. మీరు చెత్త తీయండి కొంగగారూ, నేను తుంగ నాటుతాను."

అమ్మానాన్నలు పనినుంచి రాలేదు కాబోలనుకుంది. రెండు గంటలు పక్కపక్కనే పనిచేశారు. తుంగ వేళ్లు మురుగును ఎలా పీలుస్తాయని తాబేలు అడిగింది, చేపలకు జ్ఞాపకం ఉంటుందా అని అడిగింది. చిన్నపిల్లలకు చెప్పేదేమిటని అనుకుంటూనే ఆమె తన ఖాళీ కుర్చీల సంగతి చెప్పేసింది. నీళ్లు తేటపడ్డాక కూడా ఇద్దరూ ఒడ్డున ఊరికే కూర్చున్నారు. ఆ వారంలో ఆమె మనసు విప్పి మాట్లాడింది ఆ తాబేలుతోనే.

శుక్రవారం అధికారిణి చెప్పిన వేళకు వచ్చింది. నెరిసిన జుట్టు, నవ్వని ముఖం. ఆమె గబగబా ఒక కుర్చీ మీది వైర్లు తీసేసి, ఆవిడను కూర్చోబెట్టి ఆట తెరిచింది.

చెరువు అద్దంలా ఉంది. ఒడ్డున తాబేలు లేదు.

ఊరుకుంటే గండం గడిచిపోయేదే. ఆమె ఊరుకోలేకపోయింది. చెరువు నాలుగుసార్లు పాడైన సంగతి తానే చెప్పింది.

"ఎవరో తెలియదు మేడమ్, తెలుసుకునే దారీ పెట్టుకోలేదు. తాళం మాత్రం వెయ్యను. ఇక మీ ఇష్టం."

అధికారిణి నీళ్ల వైపు ఒకసారి చూసింది. తర్వాత అనుమతి కాగితం మీద సంతకం చేసి ఆమె వైపు జరిపింది. పనైపోయినా కుర్చీలోంచి లేవలేదు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ తాబేలు నేనే," అంది.

బంగారం అని పిలిచిన సంగతి గుర్తొచ్చి ఆమె నాలుక కరుచుకుంది. అధికారిణి తలెత్తకుండానే, ఇంకాస్త గొంతు తగ్గించింది.

"తూము ఎత్తిందీ నేనేనమ్మా, చెరువు బాగుంటే కొంగ రాదు కదా."