సగం రాక్షసుడు

బసవపున్నయ్య దగా చేశాడు. ఇన్నేళ్లయినా హరనాథబాబు మాట ఇదే. ఆ పేరు చెవిన పడితే చాలు, పక్కకు తిరిగి ఉమ్మేస్తాడు. ఎదురుగా వియ్యంకుడున్నా సరే.

ఎనభై నాలుగో సంవత్సరం ఎండాకాలం. నిజాంసాగర్ కాలువ కట్టేశారు. పొలాల్లో పని లేదు. బాన్సువాడలో బసవపున్నయ్య రైసు మిల్లు వసారాలో మధ్యాహ్నమంతా ఒకటే ఆట.

పేకాటనుకునేరు! బొంబాయిలో చదివే ఆయన మేనల్లుడు సెలవులకొచ్చి నేర్పిపోయిన ఆట అది. ముక్కలుండవు, పలకుండదు. ఒకడు కథ నడుపుతాడు. తక్కినవాళ్లు ఆ కథలో మనుషులైపోతారు. రాజకుమారుడొకడు, మాంత్రికుడొకడు, యక్షుడొకడు. కత్తి తగిలిందీ లేనిదీ గవ్వలు వేసి తేల్చుకుంటారు. కథ నడిపేది బసవపున్నయ్య. నియమాలన్నీ ఆయన నోట్లోనే ఉన్నాయి.

ఒక్క కట్టుబాటు మాత్రం ఆయన సొంతం. గవ్వలు గుప్పిట్లో పెట్టుకుని అన్న మాట వెనక్కి తీసుకోకూడదు. పచ్చీసు ఆడిన రోజుల నుంచీ ఆ వసారాలో అదే చట్టం. గేదెల బేరాలు కూడా అక్కడ అలాగే తెగేవి.

హరనాథబాబుకు సగం రాక్షసుడి వేషం పడింది. తండ్రి రాజు, తల్లి అడవిలో రాక్షసి. వాడికి నియమం ప్రకారం ఒంట్లో బలం ఎక్కువ, బుర్ర తక్కువ, అందం సున్నా.

"ఎవరికి పడాల్సింది వాళ్లకే పడిందండీ!" అని అందరూ పగలబడి నవ్వారు.

రాజకుమారుడి వేషం కాసింకు పడింది. మిల్లులో వడ్లు ఆరబోసే హలీమా కొడుకు. ముప్పయ్యేళ్లవాడు, మోటార్లు బాగుచేస్తాడు. ఆడేవాళ్లు తక్కువైతే బసవపున్నయ్య అతన్ని కూర్చోబెట్టుకునేవాడు.

నిజానికి హరనాథబాబు అక్కడికి రోజూ వెళ్లేది తండ్రి కోసం.

తండ్రి రత్తయ్య దసరా వెళ్లిన వారానికే పోయాడు. వీలునామా రాయలేదు. కాలువ కింద ఎనిమిదెకరాల పైచిలుకు నేల. గుంటూరు నుంచి ఒంటరిగా వచ్చి, ఏడేళ్లు గుడిసెలో పడుండి, తుమ్మలు నరికి చదును చేసుకున్నాడు. ఆ తరువాతే పెళ్లాన్నీ కొడుకునీ తెచ్చుకున్నాడు. వచ్చే ఆదివారం పెద్దమనుషులు కూర్చుని ఆ పొలం సంగతి తేల్చాలి. అది తేలితేనే హరనాథబాబు పేర పట్టా. ఆ పెద్దమనుషులకూ పెద్ద బసవపున్నయ్యే.

మాట్లాడబోయే ముందు రత్తయ్య రెండుసార్లు గొంతు సవరించుకునేవాడు. మొదటిది గట్టిగా, రెండోది మింగేసినట్టు. ఆట మొదలైన రోజే ఆ సవరింపు వసారాలో వినిపించింది.

హరనాథబాబు తలెత్తితే ఎదుటి గోడ మీద నీడలు. వాటిలో ఒకటి ఎడమకు మెడ వాల్చి ఉంది, రత్తయ్య వాల్చినట్టే. గబుక్కున వెనక్కి తిరిగాడు. ఆడేవాళ్లు తప్ప ఎవరూ లేరు.

మర్నాడు మళ్లీ అంతే. ఇంట్లో రాడు. పొలంలో రాడు. ఆ వసారాలోనే వస్తాడు.

"మామయ్యగారు ఏదో చెప్పుకోలేక పోయారండీ," అంది భార్య బుజ్జమ్మ. "అదేదో తీర్చకుండా ఆ నేల మన పేర పెట్టుకుంటే మనకు అచ్చిరాదు."

ఏం తీర్చాలో ఎవరికి తెలుసు? అన్నం సయించడం మానేసింది. అయినా వసారాకు వెళ్లడం మానలేకపోయాడు.

శుక్రవారం నాడు కథలో రాజు చచ్చిపోయాడు.

"రాజ్యం రాజకుమారుడిది," అన్నాడు బసవపున్నయ్య. "సగం రాక్షసుడికి ఓ గద, అడవికి దారి."

"అదేం న్యాయం బాబాయ్? యుద్ధాలన్నీ చేసింది నేనూ!"

"నియమంరా అబ్బాయ్. సగం రక్తానికి సింహాసనం లేదు."

కాసిం తల వంచుకుని మెల్లగా అన్నాడు. "నాకొద్దన్నా గా రాజ్యం. నువ్వే తీస్కో. ఆటనే గద, ఇడ్సిపెట్టు."

"నువ్వూరుకోవోయ్! నీ బిచ్చం ఎవడిక్కావాలి?" హరనాథబాబు గవ్వలు గుప్పిట బిగించాడు. ఏడు నెలల గుబులంతా కోపమై పొంగింది. "తండ్రి ఒక్కడేనా, కాదా? అది చెప్పు బాబాయ్. తల్లి ఏ అడవిదైతే ఏం? ఏ తూము కింద పండితేనేం, వడ్లు వడ్లే కదా! చెరి సగం పంచాల్సిందే. రాజ్యమైనా సరే, కుంచెడు మడైనా సరే!"

"మడి కూడానా?" అన్నాడు బసవపున్నయ్య నింపాదిగా.

"మడి కూడా!"

"గవ్వలు చేతిలో ఉన్నాయి. చూసుకో."

"ఉన్నాయి గనకే అంటున్నా!"

అప్పుడు వినిపించింది గొంతు సవరింపు. మొదటిది గట్టిగా. రెండోది మధ్యలో విరిగిపోయింది, ఏడుపు దిగమింగినట్టు.

హరనాథబాబు కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆట ముగిసింది. మోటారు పనుందంటూ కాసిం లేచి వెళ్లిపోయాడు. నీడలు చెదిరిపోయాయి.

"నాన్న వెళ్లిపోయాడే," అన్నాడు ఇంటికొచ్చి బుజ్జమ్మతో. "ఆయనకు కావలసిన మాటేదో నా నోట వచ్చేసింది." ఆ పూట మారడిగి మరీ తిన్నాడు.

ఆదివారం పెద్దమనుషులు కూర్చున్నారు. హరనాథబాబు తన నోటితో చెప్పిన న్యాయాన్నే బసవపున్నయ్య తీర్పు చేశాడు. రత్తయ్య రెండో కొడుకు కాసిం వాటా కింద కాలువ పక్క నాలుగెకరాల ఎనిమిది గుంటలు పోయాయి.