బొట్టు పెట్టిన గరిటెలు

"ఇవి వంటకా నాయనా, పూజకా?"

గుమ్మంలో నిలబడి ఆ మాట అడిగిన స్త్రీని జనార్దనయ్య అంతకుముందెన్నడూ చూడలేదు. అరవై దాటిన వయసు, ముతక నేత చీర, భుజానికి కెమెరా.

ఉదయగిరి బస్టాండు వీధిలోని ఆ కొట్టులో ఆ ఉదయం చెక్క గరిటెలన్నిటికీ పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండలు చుట్టారు. ఫోటోకు దిగబోయే వస్తువుకు అలంకారం ఉండాలని ఆ ఇంటివారి నమ్మకం.

"ఆత్మకూరు కంప్యూటర్ సెంటరోళ్లు పంపించినారా మేడమ్?"

"ఫోటో తీసేదానికే వచ్చినాను."

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఆత్మకూరులో కంప్యూటర్ సెంటరు నడిపే చైతన్య, చుట్టుపక్కల వ్యాపారాలను ఇంటర్నెట్‌లో పెడుతున్నాడు. చెక్క గరిటెలకు ఒక్కటే పేజీ. వరికుంటపాడులోని ఒక గరిటెల కేంద్రం వారు కూడా అడిగారు. ఎవరి ఫోటోలు బాగుంటే పేజీ వారికి. అది తనకు దక్కకపోతే కొట్టు మూసి, గది అద్దెకిచ్చేస్తానని జనార్దనయ్య ఇంట్లో తేల్చి చెప్పాడు.

"మా స్టూడియో కొండయ్య ఇప్పుడే తీసి పోయినాడు గదా మేడమ్. మళ్లీ ఎందుకు?"

"గరిటె కనపడేటట్టు తీసినాడా?"

జనార్దనయ్య బంతిపూల దండల కింది నుంచి ఒక గరిటెను పైకి లాగి చూపించాడు.

"ఇవి చేసేది ఎవరు?"

"మా పనోళ్లు."

పెరటి వసారాలోంచి ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె అటు నడిచింది.

అక్కడ ఒక్కతే కూర్చుని గరిటె గుంట తొలుస్తున్నది ఓబమ్మ, జనార్దనయ్యకు తోబుట్టువు.

"పనోళ్లన్నావే?"

"మా అక్క ఓబమ్మ."

"ఈమెను తీస్తా."

"వద్దు మేడమ్! మొగుడు పోయిన మనిషి. మొదటి ఫోటోలోనే ఆమె మొహం పెడితే ఇంక గిరాకీ వస్తుందా? ఈ పేజీ దక్కకుంటే నేను కొట్టే మూసేయాల. మా ఆడామె ప్రమీల పట్టుచీర కట్టుకోని తయారుగా ఉండాది. ఆమెను కూర్చోబెడతా."

"ఆమెకు ఉలి పట్టుకోను వచ్చునా?"

"ఫోటోకే గదా!"

"నా నుదుట కూడా బొట్టు లేదు నాయనా. నేను తీస్తే నీ కొట్టుకు మైలా?"

"మీరు కిరస్తానీలు. మీకట్లాంటివి ఉండవు."

"మొగుళ్లు మాకూ పోతారు."

ఏళ్ల తరబడి ఆ ఇల్లంతా తిన్న అన్నం ఓబమ్మ చేతులు సంపాదించినదే. ఆమె ముఖం అశుభమైంది గాని, ఆ అన్నం మాత్రం ఎన్నడూ అశుభం కాలేదు.

వచ్చిన స్త్రీ నేల మీదే చతికిలబడింది.

"కొట్టు మూసేస్తే ఏం చేస్తావు ఓబమ్మా?"

"ఏముండాదమ్మా చేసేదానికి? పెట్టింది తిని, ఓ మూల కూర్చుంటా."

వచ్చినామె ఒక గరిటెను తీసుకుని, అంచు మీద బొటనవేలు మెల్లగా నడిపింది. దాన్ని వెలుతురుకు పట్టి, తిప్పి తిప్పి చూసింది.

తరువాత లేచి అంది: "వెలుతురులోకి జరుగు. పసుపు లేని గరిటె పట్టుకో. చెయ్యి కనపడితేనే దాని సైజు తెలుస్తుంది."

"నవ్వమంటావా అమ్మా?"

"పని చేసుకో. నన్ను మరిచిపో."

కెమెరా చప్పుడు విని జనార్దనయ్య పరుగున వచ్చాడు.

"చెప్పేది మీకు కాదా? పొండి మేడమ్! మీ సెంటరోడితో నేనే మాట్లాడుకుంటా."

లోపలి నుంచి ప్రమీలమ్మ, "కాఫీ కలిపినాను, ఇయ్యమంటారా?" అని అడిగింది.

"అక్కర్లేదు" అన్నాడు జనార్దనయ్య.

వచ్చినామె ఓబమ్మకు నమస్కరించి, బస్టాండు వైపు వెళ్లిపోయింది.

కొంతకాలానికి ఆత్మకూరు నుంచి చైతన్య ఫోన్ చేశాడు.

"బెంగళూరు నుంచి పెద్ద ఆర్డరు వచ్చిందన్నా. ఫోటోలో ఉన్నామె చేసినవే కావాలంట. ఆమెను పిలుచుకోని రా."

"మా ప్రమీలనా?"

"కాదన్నా, ఉలి పట్టుకున్నామె."

మరునాడు అక్కాతమ్ముళ్లిద్దరూ చైతన్య కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఆ రోజుల్లో ఫోటో ఒక్కసారిగా వచ్చేది కాదు. పైనుంచి కిందికి, గీత తరువాత గీతగా దిగేది.

మొదట నుదురు వచ్చింది.

బొట్టు లేని నుదురు. ఇల్లంతా కలిసి దాచిన ఆ నుదురే అన్నిటికంటే ముందు లోకానికి కనిపించింది.

తరువాత, పని మీద నిలిచిన కళ్లు. తరువాత చేతులు. ఆ చేతుల్లో తెల్లని పచ్చి చెక్క గరిటె, దాని అంచున వెలుతురు.

అడుగున పేరు: ఓబమ్మ, ఉదయగిరి.

"నేనేనారా ఇది?" అంది ఓబమ్మ.

జనార్దనయ్య తల వంచుకున్నాడు. "ఆ ఫోటో మేడమ్‌ను ఒకసారి పిలిపించప్పా. ఆ పొద్దు కాఫీ చుక్క కూడా ఇయ్యకుండా తరిమినాను" అన్నాడు.

"మేము ఎవర్నీ పంపించలేదన్నా."

"మరి మాకు పేజీ ఎట్లా వచ్చింది?"

"మీకు రాలేదు. కొండయ్య ఫోటోల్లో బొట్లే గాని గరిటెలు ఏడ కనపడినాయి? వరికుంటపాడు కేంద్రానికే ఇచ్చినాం. వాళ్లు వదులుకున్నారు. గిరాకీ లేక, పోయిన వారం కేంద్రం మూసేసి, ఎటో వెళ్లిపోయినారు."

ఓబమ్మ తెర మీది నుంచి చూపు తిప్పింది.

"అయితే నన్ను ఫోటో తీసినామె ఎవరు నాయనా?"

"ఆ కేంద్రం నడిపిన సారమ్మ గారే పెద్దమ్మా, పోటీకి వచ్చినోళ్లను చూసొద్దామని మీ ఇంటికి వచ్చి, 'ఆ చేతి ముందు నా గరిటె నిలవదు, కొనేవాళ్లకు మంచిదే కనపడాల' అని తన పేజీలో మీ ఫోటో పెట్టించి పోయినారు."